గూడకి అవతలి తాడు

అనగనగా, మరీ అంత అనగనగా కూడా కాదులే, కాలవ పక్కన ఒక ఊళ్ళో మంగాయమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ముసలావిడంటే నా అంత. ఆవిడకి గవరయ్య అని ఒక మొగుడు ఉండేవాడు.

ఏంటి, రాజు కథ కావాలా? ఇవాళ రాజులు లేరు. పొద్దుటినుంచీ మనింటికి వచ్చినవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని, గుండె దిటవు చేసుకోండి పిన్నిగారూ అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోతోంది తల్లీ. ఒళ్ళు మండుతుంటే రాజులు గుర్తు రారు. దుప్పటి కప్పుకుని ఇటు తిరిగి పడుకో, చెప్తా.

మంగాయమ్మకీ గవరయ్యకీ కాలవ పక్కనే ఒక చిన్న చేను ఉండేది. మెరక చేను. కాలవలో నీళ్ళు కిందుంటాయి, చేను పైనుంటుంది. నీళ్ళు వాటంతటవి పైకెక్కవు కదా. అందుకని వాళ్ళిద్దరూ గూడ వేసేవాళ్ళు.

గూడ అంటే నువ్వెక్కడ చూశావులే. అదొక పెద్ద బుట్ట. దానికి అటు రెండు తాళ్ళు, ఇటు రెండు తాళ్ళు ఉంటాయి. అటొకళ్ళు ఇటొకళ్ళు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు పట్టుకుని, ఊపి కాలవలో ముంచి, ఎత్తి చేలోకి విసరాలి. ఎంత మొనగాడైనా ఒక్కడూ గూడ వెయ్యలేడు. ఇద్దరుండాలి, ఇద్దరి ఊపూ ఒకటిగా ఉండాలి. ఒకరు తొందరపడినా, ఒకరు ఆగినా బుట్ట ఒరిగిపోయి నీళ్ళు వాళ్ళ కాళ్ళ మీదే పోతాయి.

ఊపు కుదరడానికి ఊళ్ళోవాళ్ళు పాట పాడుకునేవాళ్ళు. వీళ్ళకి పాటలు రావు. వీళ్ళు పోట్లాడుకునేవాళ్ళు.

గూడ ముంచుతూ గవరయ్య అనేవాడు, "నిన్నటి పులుసులో అంత ఉప్పు వేసింది ఎవరు, మీ అమ్మా?"

గూడ ఎత్తుతూ మంగాయమ్మ అనేది, "ఆ పులుసే మళ్ళీ వడ్డించుకు తిన్నది ఎవరు, మీ నాన్నా?"

అలా మాటకి మాట, బుట్టకి బుట్ట. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పోట్లాట జుట్టు నెరిసినా ఆగలేదు. దారినపోయేవాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. చేను మాత్రం ఎప్పుడూ తడిగా ఉండేది.

పిల్లలా? వాళ్ళకి పిల్లల్లేరు. ఈ కథకి పిల్లలు అక్కర్లేదు, నువ్వున్నావు చాలు.

ఒక ఏడాది తొలకరి పడింది. గవరయ్య నారుమడి దున్ని, మొలక చల్లాడు. ఆ రోజు సాయంత్రం గట్టు మీద కూర్చుని ఛాతీ రాసుకుంటున్నాడు. ఏమైందయ్యా అని మంగాయమ్మ అడిగితే, ఏం కాలేదు, నీ గోల వినీ వినీ నొప్పెట్టింది అన్నాడు. నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

అంతే. ఒక్క మాట చెప్పలేదు. ఆ నొప్పి పొద్దుటినుంచీ ఉందనీ, చెప్తే ఆవిడ పని మాన్పించి వైద్యుడి దగ్గరికి లాక్కుపోతుందని చెప్పకుండా దాచాడనీ తర్వాత ఎగువ చేలో వాళ్ళు చెప్తే తెలిసింది. వాళ్ళకి చెప్పాడట. పెళ్ళానికి చెప్పలేదు.

అప్పుడు మంగాయమ్మకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది అంటారే, అలాంటి కోపం. కానీ ఎవరి మీద చూపిస్తుంది? చూపించాల్సినవాడే లేడాయె.

దినవారాలు అయ్యాయి. ఆ తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళు ఆవిణ్ణి తీసుకెళ్ళి దొడ్డివైపు మూలగదిలో కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదన్నారు. పొద్దున్నే ఎవరికీ ఎదురుపడకూడదన్నారు. గట్టిగా మాట్లాడకూడదన్నారు. అదెవరు పెట్టారో ఆ ఆచారం, వాళ్ళనొకసారి ఆ గదిలో పెట్టి తలుపేయాలి. ఎండాకాలం గాలాడదు, వానాకాలం కప్పు కారుతుంది. మొగుడు పోవడం ఆవిడ చేసిన నేరమైనట్టు ఆ శిక్ష ఏంటి, చెప్పు.

ఆ గదికి చిన్న కిటికీ ఉంది. అందులోంచి నారుమడి కనిపిస్తుంది. ముందు కాసిని చినుకులు పడ్డాయి కాబట్టి మొలక పచ్చగానే లేచింది. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఎండ పేలిపోతోంది. మంగాయమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంది. ముందు నారు కొసలు పసుపు తిరిగాయి. తర్వాత మడి నెర్రెలిచ్చింది.

నారు పోతే ఇక ఆ ఏడు నాట్లు లేవు. నాట్లు లేకపోతే చేను బీడు. చేను బీడైతే మరిది సత్తెయ్య కాచుకుని కూర్చున్నాడు, ఒంటరి ఆడది ఏం చేసుకుంటుందిలే అని ఆ గట్టు కాస్తా చెరిపి తన చేలో కలిపేసుకోడానికి. అదీ కాక ఆ నారు గవరయ్య ఆఖరిసారి చేత్తో చల్లింది. అది మాడిపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలా?

ఒకరోజు పొద్దున్నే లేచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గడప దాటేసింది. ఎదురొచ్చినవాళ్ళు మొహం పక్కకి తిప్పుకున్నారు. తిప్పుకోండి, మెడ పట్టేస్తే నాకేం అని గూడ భుజాన వేసుకుని కాలవ దగ్గరికి వెళ్ళింది.

వెళ్ళి నిలబడింది. ఇటు తాళ్ళు చేతిలో ఉన్నాయి. అటు తాళ్ళు నేలమీద పడి ఉన్నాయి. వాటిని చూసి నిలబడిపోయింది.

అప్పుడు తోటికోడలు వీరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. సత్తెయ్య భార్య. అక్కా, నేను పడతాను అని అటు తాళ్ళు అందుకుంది. మంచిదే, కాదనను. కానీ గూడ ముంచగానే ఏడుపు అందుకుంది. "అయ్యో బావగారూ, దేవుడులాంటి మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి" అని రాగం తీస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. తుడుచుకోవాలంటే తాడు వదలాలి. తాడు వదిలితే బుట్ట ఒరుగుతుంది. చుక్క నీరు మడికెక్కలేదు.

మంగాయమ్మ కోపం ఇంకా పెరిగింది. నోట్లో నాలుక లేకపోవడం ఏంటి? ఆయనకి ఉన్న నాలుక ఊరందరికీ పంచిపెట్టినా ఇంకా మిగులుతుంది. ఆయన గురక పెడతాడు. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడతాడు. చేసిన తప్పు ఒప్పుకోడు. ఆ మనిషి కదా తన మొగుడు? ఆ మనిషిని చావు తీసుకుపోయింది. ఇప్పుడు వీళ్ళొచ్చి ఆయన జ్ఞాపకం కూడా తీసుకుపోయి, ఆ చోట ఎవరో దేవుణ్ణి కూర్చోబెడుతున్నారు. దేవుడితో ఎవరు కాపరం చేశారమ్మా?

"నువ్వు ఇంటికెళ్ళి ఏడువు వీరమ్మా," అంది. వీరమ్మ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత శరభయ్యగారు వచ్చారు. ఊరికి పెద్దమనిషి. చదువుకున్నవాడు, నాలుగు ఊళ్ళు తిరిగి పురాణాలు చెప్పేవాడు. జాలిపడి పంచె ఎగ్గట్టి ఆయనే తాళ్ళు పట్టుకున్నాడు. గూడ ఒకసారి ముంచి, ఎత్తకుండా ఆగి, చెప్పడం మొదలుపెట్టాడు. "శాంతం తల్లీ. నిండు ఆయుష్షు. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. పండు రాలినట్టు రాలిపోయాడు. ఈ వయసులో ఇక ఎవరికైనా అంతే కదా. మనసు ఆయన మీద పెట్టుకోకూడదు. పైవాడి మీద పెట్టాలి."

ఈ వయసులో ఎవరికైనా అంతేనట. చిన్నప్పుడు పోతే అయ్యో అంటారు. ముసలాళ్ళయ్యాక పోతే హమ్మయ్య అన్నట్టు మాట్లాడతారు. ఎన్నేళ్ళు కలిసుంటే అంత అలవాటు కాదా? పొద్దున లేస్తే పక్కన మనిషి లేకపోవడం వయసుని బట్టి తేలికవుతుందా? నన్ను కూడా ఇవాళ ఒకాయన ఇదే మాట అన్నాడు, ఆ నీలం చొక్కా ఆయన. ఆయనకి పంచదార లేకుండా కాఫీ ఇప్పించాను.

మంగాయమ్మ గూడ వంక చూసింది. శరభయ్యగారు అలా చెప్తూనే ఉన్నాడు, గూడ కాలవలో నానుతూనే ఉంది. "అయ్యా, మడి ఎండిపోతోంది," అంది. "అదే అంటున్నాను, అంతా ఎండిపోయేదే," అన్నాడు ఆయన. ఆవిడ తాళ్ళు లాగేసుకుంది.

ఇంక మూడోవాడు ఎవరో నీకు తెలిసే ఉంటుంది. మరిది సత్తెయ్యే. కండలు తిరిగిన మనిషి. ఏడవలేదు, వేదాంతం చెప్పలేదు. గబగబా వచ్చి తాళ్ళు పట్టుకుని ఒక్క ఊపున లాగాడు. నీళ్ళు మడిలో పడ్డాయి. పడ్డాయి కానీ, ఆవిడ చేతుల్లో తాళ్ళు ఊరికే జారుతున్నాయి. లాగేదంతా ఆయనే.

"నువ్వట్టా గట్టు మీద కూర్చో వదినా," అన్నాడు. "నీకెందుకు ఈ కష్టం? ఈ ఏటినుంచి ఈ చేను నేనే చూసుకుంటాలే. నీకు ఇంత ముద్ద పెట్టలేనా? మూల కూర్చుని రామా కృష్ణా అనుకో."

మంగాయమ్మ చేతిలో తాళ్ళు వదిలేసింది, అంతే. బరువంతా ఒకే పక్క పడేసరికి సత్తెయ్య బోర్లా వెళ్ళి కాలవలో పడ్డాడు. మీసాలకి నాచు పట్టుకుంది. నవ్వు నవ్వు, అక్కడ నవ్వాలి.

సత్తెయ్య తడిబట్టలతో ఊళ్ళోకి వెళ్ళి, మా వదినకి పిచ్చెక్కింది, దగ్గరికి పోకండి అని చాటాడు. ఇక ఎవ్వరూ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మంగాయమ్మ ఒక్కతే గూడ ముందు చతికిలబడింది. నారు చూస్తే ఇవాళో రేపో అన్నట్టుంది.

అప్పుడు పక్కచేను ఆదెమ్మ గట్టు మీదికి వచ్చింది.

ఈ ఆదెమ్మ అంటే ఊరికే పక్కచేను మనిషి కాదు. ఆవిడకీ గవరయ్యకీ గట్టు తగాదా. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ ఒంటరిగా చేను చేసుకుంటోంది. ఆ తగాదా వల్ల ఆవిడ గవరయ్య చావుకి కూడా రాలేదు. వచ్చీ రావడంతోనే, నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది.

"మీ ఆయన నా గట్టు చెక్కాడు," అంది.

అయ్యో, ఎంత మాట. చచ్చినవాణ్ణి ఎవరైనా అలా అంటారా? దూరంగా నిలబడి చూస్తున్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

మంగాయమ్మ తలెత్తింది. ఆయన పోయాక ఆయన గురించి ఒక్క నిజమైన మాట అన్నది ఈ మనిషే.

"చెక్కితే?" అంది.

"చెక్కితే ఏంటి, జానెడు మేర చెక్కాడు. అడిగితే ఎలుకలు తవ్వాయన్నాడు. పారతో తవ్వే ఎలుకలెక్కడైనా ఉంటాయా? రేపు తేలుద్దాం, ఎల్లుండి తేలుద్దాం అని తిప్పాడు. తేల్చకుండా పోయాడు. ఇప్పుడు నేనెవరితో తేల్చుకోవాలి?"

"నాతో తేల్చుకో. ముందు ఆ తాళ్ళు పట్టు."

ఆదెమ్మ తాళ్ళు పట్టుకుంది. గూడ ముంచుతూ, "దొంగ సచ్చినోడు," అంది. గూడ ఎత్తుతూ మంగాయమ్మ, "నా మొగుణ్ణి దొంగ అనడానికి నువ్వెవతివి? నీ పొట్లపాదు మా కంచె మీదికి పాకినప్పుడు కాయలు ఎవరు కోసుకున్నారు?" అంది. నీళ్ళు గలగలమని మడిలో పడ్డాయి. "మా పాదుకి కాసిన కాయలు మేం కోసుకోమా?" అని గూడ మునిగింది. "మా కంచె మీద కాసినవి మావి కావా?" అని గూడ లేచింది. మాటకి మాట, బుట్టకి బుట్ట.

అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఉంటే, ఒక బుట్ట ఎత్తేటప్పుడు మంగాయమ్మ నోటినుంచి వేరే మాట వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

ఆదెమ్మకి అర్థమైంది. గూడ ముంచింది.

"నొప్పి అని ఎగువ చేలో వాళ్ళకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు? పక్కన పడుకున్నదాన్ని, ఒక్కసారి తట్టి లేపితే నీ సొమ్మేం పోయింది? నవ్వుతావా? నన్ను నవ్వించి, నన్ను పడుకోబెట్టి, దొంగలాగా వెళ్ళిపోతావా? నీతో వాదించడానికి దాచుకున్న మాటలు నా నోట్లో ఇంకా ఉన్నాయి, అవి నేనెవరికి అప్పజెప్పాలి?"

అలా ఒక్కో బుట్టకీ ఒక్కో తిట్టు తిట్టింది. తిడుతూ తిడుతూ ఉంటే అప్పుడు వచ్చింది ఏడుపు. వీరమ్మ ఏడుపులా రాగం తీసే ఏడుపు కాదు. ముక్కు కారి, మొహం వికారంగా అయిపోయే ఏడుపు. చేతులు మాత్రం ఊపుతూనే ఉన్నాయి.

ఊరుకోమని ఆదెమ్మ అనలేదు. "ఏడువు, నిన్నెవరు వద్దన్నారు?" అంది. "తాడు మాత్రం వదలకు. మా ఆయన పోయినప్పుడు నేను ఇలాగే తిట్టబోతే మా అత్త నా నోరు నొక్కింది. పోయినవాళ్ళని తిడితే పాపమని. ఆ తిట్లన్నీ ఇంకా నా కడుపులోనే ఉన్నాయి. అందుకే ఊళ్ళో అందరి మీదా పడుతుంటాను."

"అయితే ఇప్పుడు తిట్టు," అంది మంగాయమ్మ.

అప్పుడు ఆదెమ్మ కూడా మొదలుపెట్టింది. తాడిచెట్టు ఎక్కొద్దంటే ఎక్కిన మొగుణ్ణి, వానలో ఎక్కొద్దంటే మరీ ఎక్కి జారిపడి పోయిన మొగుణ్ణి, అన్నేళ్ళ పాత తిట్లు బయటికి తీసి తిట్టింది. ఒకరు ముంచుతూ తిట్టారు, ఒకరు ఎత్తుతూ తిట్టారు. పొద్దు వాలేసరికి నారుమడి నిండా నీళ్ళు నిలబడ్డాయి.

మర్నాడూ వచ్చారు. ఆ తర్వాత కూడా వచ్చారు. నారు తేరుకుంది, పచ్చబడింది, జానెడు లేచింది. ఆ గట్టు సంగతి కూడా తేల్చుకున్నారు. చెక్కిన మేర మంగాయమ్మే మట్టి వేసి పూడ్చింది, మా ఆయన చెక్కింది నిజమే అని పదిమందిలో ఒప్పుకుని మరీ పూడ్చింది.

నాట్లు వేసే రోజు శరభయ్యగారు మళ్ళీ వచ్చాడు. వెనకాల సత్తెయ్య, ఊళ్ళో ఇంకొందరు. చేలో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. మంగాయమ్మ నారుకట్టలు విసురుతూ, వరస వంకరగా వస్తే గవరయ్యనే తిడుతోంది, ఈ గట్టు నువ్వు వంకర లేకుండా వేసి ఏడిస్తే కదా అని.

"ఇక చాలించమ్మా," అన్నాడు శరభయ్యగారు. "నువ్విలా బజార్న పడి తిడుతుంటే పోయినవాడి ఆత్మ క్షోభిస్తుంది."

మంగాయమ్మ నడుం ఎత్తి నిలబడింది. చేతుల నిండా బురద.

"క్షోభించనీయండి," అంది. "నేనిక్కడ క్షోభించడం లేదా? ఆయనొక్కడూ ఎందుకు సుఖంగా ఉండాలి? ఆయన నా మొగుడు. బతికున్నప్పుడు నా మాట పడ్డాడు, ఇప్పుడూ పడతాడు. మీరు కాస్త గట్టు దిగండి, నారుకట్టలు తొక్కుతున్నారు."

వాళ్ళు గట్టు దిగారు. పంట చేతికొచ్చాక మంగాయమ్మ ఆ మూలగదిలో వడ్ల బస్తాలు వేసుకుంది. మళ్ళీ అందులో కూర్చోలేదు.

అదీ కథ. కళ్ళు మూసుకో.

ఇంకా ఏంటి?

"ఆవిడ కోపం ఎప్పుడు తగ్గింది అమ్మమ్మా?"

తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? తిండి తింటూ, పని చేసుకుంటూ, నవ్వొస్తే నవ్వుతూ కూడా కోపంగా ఉండొచ్చు. ఇష్టం లేనివాళ్ళు పోతే మనకి కోపం వస్తుందా? నువ్వే చెప్పు.

"మరి నీకు తాతయ్య మీద కోపంగా ఉందా?"

ఉంది.

చాలా ఉంది తల్లీ. ఛాతీలో మంటగా ఉందన్నాడు, వాము నమిలితే పోతుందిలే అనీ తనే అన్నాడు. డాక్టరు దగ్గరికి పదండి అంటే సోమవారం వెళ్దాం అన్నాడు. ఏ సోమవారం? ఎన్ని సోమవారాలు వస్తాయనుకున్నాడు ఆ మనిషి? ఫ్యాను మూడు మీద పెడితే నాకు చలి, రెండు మీద పెడితే ఆయనకి ఉక్క. రోజూ లేచి ఆయన పెంచడం, నేను తగ్గించడం. ఇప్పుడు రెండు మీదే తిరుగుతోంది చూడు. ఎవరూ లేచి పెంచడం లేదు. నాకు అక్కర్లేదు ఈ హాయి. ఎవడు అడిగాడు ఈ హాయి?

ఇదిగో, నేను ఏడుస్తున్నానని నా మొహం దుప్పటితో తుడవకు, ముక్కు కారుతోంది, దుప్పటి పాడవుతుంది.

"నాకూ కోపంగా ఉంది అమ్మమ్మా. నాకు ఈత నేర్పిస్తానన్నాడు."

అన్నాడా? అయితే నువ్వూ తిట్టు.

"తాతయ్యని తిట్టొచ్చా?"

తిట్టు, నేనున్నాను. ఎవరేమంటారో నేను చూస్తాను.

"తాతయ్యా, నువ్వు అబద్ధాలకోరువి."

ఇంకా గట్టిగా తిట్టు, ఆయనకి కాస్త చెవుడు.

"తాతయ్యా, నువ్వు పెద్ద అబద్ధాలకోరువి!"

ఊఁ. బాగా తిట్టావు. మిగతావి రేపు తిడదాం, నువ్వు కొన్ని, నేను కొన్ని. ఇటు జరుగు, నా చెయ్యి మీద తల పెట్టుకో.

కథ వెళ్ళింది కంచికి,
మనం వచ్చాం మంచానికి,
తాత వెళ్ళాడు దూరానికి,
తిట్టు మిగిలింది నోటికి.